ఇంటి వాకిట ఇంటర్నెట్ కావలి: యూనిక్స్ గేట్‌వే ఏర్పాటు

గ్రామమునకు మొదట రోడ్డు వచ్చినది. పిమ్మట విద్యుద్దీపము వచ్చినది. ఆ పిమ్మట కుళాయి నీరు వచ్చినది. ఇప్పుడు విద్యుత్ స్తంభముల మీదుగా, వెండ్రుకవలె సన్నని గాజు పోగును లోపల ఇముడ్చుకొన్న నల్లని తీగ వచ్చినది. రోడ్డును గూర్చియు, దీపమును గూర్చియు, నీటిని గూర్చియు పంచాయతీ సభ్యులకు చక్కని అనుభవము కలదు. తూము ఎచ్చట పెట్టవలెనో, ఏ బోదెకు ఎంత నీరు వదలవలెనో, ఎచ్చట గండి పడునో వారికి తెలియును. ఈ క్రొత్త తీగ విషయమున మాత్రము "అది కంప్యూటరు చదివినవారి పని" అని పలువురు ప్రక్కకు తప్పుకొనుచున్నారు. అట్లు తప్పుకొనవలసిన పనిలేదు. తీగ లోనికి వచ్చు చోట తూము వంటి యంత్రము నొకదానిని నిలుపుట, దానిని కాపాడుట, దాని తాళము ఎవరివద్ద నుండవలెనో నిర్ణయించుట, ఇవన్నియు మన మెఱిగిన పనులే. ఆ యంత్రమునకు గేట్‌వే యని పేరు. దానిని పాత కంప్యూటరుతోను, ఉచితముగా లభించు యూనిక్స్ జాతి వ్యవస్థతోను ఇంటనే యెట్లు సిద్ధపరచుకొనవచ్చునో ఈ పాఠమున తెలిసికొందము.

తీగ వచ్చిన త్రోవ

మన దేశమున సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ సేవ 1995 ఆగస్టు 15న ఆరంభమైనది. 2004లో ప్రకటించిన బ్రాడ్‌బాండ్ విధానములో సెకనునకు 256 కిలోబిట్ల వేగమున్న చాలుననిరి. 2023 నాటి నిర్వచనము ప్రకారము 2 మెగాబిట్లకు తక్కువైన దానిని బ్రాడ్‌బాండ్ అనుటకు వీలులేదు. గ్రామ పంచాయతీలన్నింటికి గాజు తీగ వేయవలెనను పథకమును కేంద్ర ప్రభుత్వము 2011 అక్టోబరులో ఆమోదించినది. సుమారు రెండున్నర లక్షల పంచాయతీలు దాని గమ్యము. అదియే తరువాత భారత్ నెట్ అను పేరు పొందినది.

ఆంధ్రప్రదేశములో ఈ పని కొఱకు 2015లో రాష్ట్ర ఫైబర్‌నెట్ సంస్థ ఏర్పడినది. భూమిని త్రవ్వి తీగ పాతుటకు కాలమును ధనమును అధికముగా పట్టును గనుక, ఉన్న విద్యుత్ స్తంభముల మీదుగనే తీగను లాగు పద్ధతిని ఆ సంస్థ అనుసరించినది. నాడు తూర్పు గోదావరి జిల్లాలోను, నేడు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లాలోను ఉన్న మోరి గ్రామమున 2016 డిసెంబరులో ఇంటింటికి ఈ సేవను అందించి ముందుగా చూపిరి. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ ఈ ఫైబర్ గ్రిడ్‌ను జాతికి అంకిత మొనర్చిరి.

ఇంత జరిగినను, తీగ గ్రామమునకు వచ్చుట వేరు, గ్రామమునకు ఉపయోగపడుట వేరు. పెద్ద కాలువ ఊరి ప్రక్కగా పారినంత మాత్రమున చేను తడవదు. తూమును, బోదెయు, నీరు కట్టు మనిషియు కావలెను.

ఒక గ్రామమును ఊహింతము

జంగారెడ్డిగూడెము చుట్టుపట్ల మెట్ట గ్రామము నొకదానిని మనస్సున పెట్టుకొందము. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఏలూరు జిల్లాలో చేరిన ప్రాంతమిది. పొగాకు, ఆయిల్ పామ్, మొక్కజొన్న ఇచ్చటి రైతులకు ప్రధానమైన పంటలు. పొగాకు రైతునకు జంగారెడ్డిగూడెము వేలము కేంద్రములో నేటి ధర కావలెను. ఆయిల్ పామ్ రైతునకు పెదవేగి పరిశోధన సంస్థవారి సలహా కావలెను. పదవ తరగతి విద్యార్థికి గణిత పాఠము కావలెను. వృద్ధురాలికి దూరదేశమందున్న మనుమని ముఖము చూడవలెను.

ఆ ఊరి పంచాయతీ సభ్యు డొకరు తన యింట బ్రాడ్‌బాండ్ పెట్టించుకొన్నాడు. వచ్చిన పెట్టె నుండి ముందుగదిలో వైఫై వచ్చుచున్నది. వెనుక గదిలో రాదు. నలుగురు చేరి వాడినచో అందరికి నిలిచిపోవును. పెట్టె సంకేతపదము వీథిలో సగము మందికి తెలిసిపోయినది. ఊరి గ్రంథాలయ గదికి తీసికొన్న కనెక్షను కథయు ఇట్టిదే. ఈ మూడు చిక్కులకును మూలమొక్కటే: తూము లేదు, ఉన్న తూము మన చేతిలో లేదు.

గేట్‌వే అనగా నేమి?

ఇంటర్నెట్‌లో సమాచారము చిన్నచిన్న పొట్లములుగా ప్రయాణము చేయును. వీనికి ప్యాకెట్లు అని పేరు. ప్రతి ప్యాకెట్టు మీదను, తపాలా కవరు మీద వలెనే, పంపినవారి చిరునామాయు, చేరవలసినవారి చిరునామాయు ఉండును. చిరునామా అనగా చుక్కలతో విడదీసిన నాలుగు అంకెలు, 192.168.10.1 అనునది ఒక యుదాహరణ.

ఈ పద్ధతిలో మొత్తము చిరునామాలు సుమారు 429 కోట్లు మాత్రమే. ప్రపంచ భాండారమున విడిగా మిగిలిన చివరి కట్టలు 2011 ఫిబ్రవరిలో పంపకమైపోయినవి. కనుక ప్రతి ఇంటికి సాధారణముగా ఒక్క బయటి చిరునామాయే లభించును. కొన్ని సంస్థలు పలు ఇండ్లకు కలిపి ఒకదానినే యిచ్చుచున్నవి. ఇంటిలోపలి యంత్రములకు మాత్రము ఎవరైనను వాడుకొనదగిన చిరునామాలను 1996లో ప్రత్యేకించిరి. పదితో మొదలగునవి, 172.16 నుండి 172.31 వఱకు గలవి, 192.168తో మొదలగునవి ఆ కోవకు చెందును. ఇవి ఇంటి లోపల గదుల పేర్ల వంటివి. బయటి తపాలా బంట్రోతునకు వానితో పనిలేదు.

లోపలి చిరునామాలకును బయటి చిరునామాకును నడుమ నిలిచి రాకపోకలను జరిపించు యంత్రమే గేట్‌వే. దీనికి రెండు ముఖములు. ఒకటి వీథి వైపునకు, ఒకటి ఇంటి వైపునకు.

పంచాయతీ కార్యాలయములోని ఆవక జావక పుస్తకమును స్మరించినచో దీని పని స్పష్టమగును. లోపలివారు వ్రాసిన ఉత్తరములన్నియు కార్యాలయము పేరనే బయటికి పోవును. ఏ ఉత్తరము ఎవరు వ్రాసినదో జావక పుస్తకమున నంబరు వేసి గుమాస్తా వ్రాసికొనును. జవాబు వచ్చినపుడు ఆ నంబరును చూచి, దానిని వ్రాసిన వారికే అందించును. గేట్‌వే సెకనునకు వేలకొలది ప్యాకెట్లకు ఇదే పని చేయును. లోపలి చిరునామాను తీసి బయటి చిరునామాను వేయును. జవాబు రాగానే తిరిగి మార్చి లోపలికి పంపును. దీనిని నాట్ అందురు. పది యంత్రములు ఒక్క కనెక్షనును వాడుకొనగలుగుట ఈ పుస్తకము వలననే.

యూనిక్స్ ఏల?

యూనిక్స్ 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పుట్టినది. కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనువారు దానిని నిర్మించిన వారిలో ముఖ్యులు. ఒక్కొక్క చిన్న పనిముట్టు ఒక్క పనినే చక్కగా చేయవలెను, పనిముట్లను కలిపి పెద్ద పనిని సాధింపవలెను అనునది దాని సూత్రము. వడ్రంగి పెట్టెలో ఉలి, బాడిస, చిత్రిక వేర్వేరుగ నుండుట వంటిదది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు బర్కిలీలో దానిని పెంచి, 1983లో ఇంటర్నెట్ భాషను దానిలో చేర్చి విడుదల చేసిరి. ఆ శాఖ నుండి ఫ్రీబీఎస్‌డీ, ఓపెన్‌బీఎస్‌డీ అనునవి వచ్చినవి. 1991లో ఫిన్లాండు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ యూనిక్స్ రీతిలోనే లినక్స్‌ను ఆరంభించెను. దుకాణములో కొను చిన్న రౌటరు పెట్టెలలో చాలవఱకు లోపల నడుచునది లినక్సే.

ఇవి వెల లేనివి. వీనిని కాపీ చేసికొనుటకును, మార్చుకొనుటకును, పొరుగు గ్రామమున కిచ్చుటకును లైసెన్సు అనుమతించును. నియమములన్నియు చదువదగిన అక్షరములలో వ్రాసి యుండును గనుక, ఈ ద్వారము ఎవరిని రానిచ్చుచున్నదో, ఎవరిని ఆపుచున్నదో ఎవరైనను చదివి తెలిసికొనవచ్చును. పంచాయతీ లెక్కల పుస్తకమును సభలో చదివి వినిపించినట్లే ఈ నియమములను గూడ వినిపింపవచ్చును. ఇదియే దీని గొప్ప గుణము.

కావలసిన సామగ్రి

మొదటిది, ఒక పాత కంప్యూటరు. ఒక గిగాబైటు మెమరీ, ఎనిమిది గిగాబైట్ల నిల్వ ఉన్నను ఈ పనికి చాలును. అయితే అరువది నాలుగు బిట్ల యంత్రము నెన్నుకొనుట మంచిది. 2025లో విడుదలైన 13వ డెబియన్ లినక్స్ ముప్పది రెండు బిట్ల పాత యంత్రములపై స్థాపించుటకు వీలు లేకుండ వచ్చినది.

రెండవది, రెండు నెట్‌వర్కు కార్డులు. ఒకటి యంత్రములోనే యుండును, రెండవది చేర్చవలెను. మూడవది, ఒక స్విచ్చి పెట్టె. నాల్గవది, వైఫై ప్రసారము చేయు యాక్సెస్ పాయింటు. ఐదవది, కరెంటు పోయినపుడు నిలుపుటకు యూపీఎస్.

విద్యుత్ ఖర్చును ముందుగనే లెక్కింపవలెను. గేట్‌వే రాత్రింబగళ్లు నడుచును. 60 వాట్లు తీసికొను పాత కంప్యూటరు దినమునకు 1.44 యూనిట్లు, 30 దినములకు సుమారు 43 యూనిట్లు కాల్చును. 10 వాట్ల చిన్న పలక కంప్యూటరైనచో 7 యూనిట్లకు కొంచెము మించును. నేర్చుకొనుటకు పాత యంత్రమును వాడి, నిలుకడగా నడుపుటకు చిన్న యంత్రమును కొనుట పొదుపు.

రాగి నెట్‌వర్కు తీగను 100 మీటర్లకు మించి లాగరాదు. వేరు వేరు భవనముల నడుమ గాలిలో రాగి తీగను వ్రేలాడదీసినచో పిడుగుల కాలమున యంత్రములకు ముప్పు. గాజు పోగు విద్యుత్తును వహింపదు గనుక భవనముల నడుమ అదియే శ్రేయస్కరము.

ఏర్పాటు క్రమము

1. సంస్థవారు అమర్చిన గాజు తీగ పెట్టెను కదల్పరాదు. దాని నుండి వచ్చు నెట్‌వర్కు తీగను మన కంప్యూటరు బయటి కార్డునకు తగిలింపవలెను. ఆ పెట్టె ఏ తగవును పెట్టుకొనక ప్యాకెట్లను నేరుగా అందించు "బ్రిడ్జి" పద్ధతిలో నుంచుమని సంస్థవారిని కోరవచ్చును. వారు అంగీకరింపకున్నను సాధారణమైన వాడుకకు ఆటంకము రాదు. జావక పుస్తకము రెండు చోట్ల వ్రాయబడును, అంతియే.

2. వ్యవస్థను స్థాపించిన పిమ్మట బయటి కార్డునకు చిరునామా సంపాదింపవలెను. కొందరు సంస్థవారు దానిని తమంతట తామే యిత్తురు. కొందరు పీపీపీఓఈ అను పద్ధతిలో యూజరు పేరును, సంకేతపదమును అడుగుదురు. ఆ రెండింటిని కనెక్షను తీసికొన్ననాడే వ్రాయించుకొని భద్రపరుపవలెను.

3. లోపలి కార్డునకు 192.168.10.1 వంటి చిరునామాను మనమే యిచ్చుకొనవలెను. ఇచ్చట క్రొత్తవారు తఱచు పడు గొయ్యి యొకటి కలదు. సంస్థవారి పెట్టె లోపల 192.168.1తో మొదలగు చిరునామాలను వాడుచున్నచో, మనము లోపల అదే వరుసను వాడరాదు. వాడినచో రెండు వీథులకు ఒకే పేరు పెట్టినట్లగును. కంప్యూటరు ఏ వైపునకు పోవలెనో తెలియక నిలిచిపోవును.

4. యూనిక్స్ కంప్యూటరు పుట్టుకతో ఒక కార్డున వచ్చిన ప్యాకెట్టును రెండవ కార్డునకు దాటింపదు. దాటించు అనుమతి ఒక్క అంకెలో నున్నది. సున్నాను ఒకటిగా మార్చినచో తూము తలుపు లేచును. కంప్యూటరును ఆపి మరల నడిపినపుడు ఆ మార్పు నిలుచునట్లు శాశ్వత ఫైలులో వ్రాయవలెను. ఇది మఱచినందున "నిన్న పనిచేసినది, నేడు చేయుట లేదు" అని పలువురు తికమక పడుదురు.

5. తరువాత నాట్‌ను ఆరంభింపవలెను. ఓపెన్‌బీఎస్‌డీలో 2001 నుండి ఉన్న పీఎఫ్ అను పనిముట్టు, లినక్స్‌లో 2014 నుండి వచ్చిన ఎన్ఎఫ్‌టేబుల్స్ అను పనిముట్టు ఈ పనిని, కాపలా పనిని గూడ చేయును.

6. లోపలి యంత్రములకు చిరునామాలను పంచు డీహెచ్‌సీపీ సేవను లోపలి కార్డు మీద మాత్రమే నడుపవలెను. 100 నుండి 200 వఱకు వచ్చిపోవు ఫోనులకు కేటాయించి, ప్రింటరు వంటి స్థిరమైన యంత్రములకు ఆ లోపు నంబరులను నియమించుట సౌకర్యము.

7. పేరును చిరునామాగా మార్చు డీఎన్ఎస్ సేవను గూడ గేట్‌వేలోనే పెట్టవచ్చును. ఒకరు అడిగిన పేరును అది గుర్తుంచుకొని, మఱియొకరు అడిగినపుడు బయటికి పోకయే చెప్పును.

8. యాక్సెస్ పాయింటును స్విచ్చికి తగిలించి, దానిలోని డీహెచ్‌సీపీని ఆపివేయవలెను. ఒకే ఇంటిలో ఇద్దరు గుమాస్తాలు నంబర్లు పంచినచో గందరగోళమగును. వైఫై రక్షణకు డబ్ల్యూపీఏ2 గాని, డబ్ల్యూపీఏ3 గాని పెట్టవలెను. గోడల నడుమ 2.4 గిగాహెర్ట్జ్ ప్రసారము ఎక్కువ దూరము పోవును. 5 గిగాహెర్ట్జ్ ప్రసారము వేగవంతమైనను దగ్గరకే చాలును.

కాపలా నియమములు

నియమములు వ్రాయుటలో ఒక్క సూత్రము గుర్తుంచుకొనిన చాలును: ముందు అన్నింటిని మూసి, పిమ్మట కావలసిన వానినే తెరువవలెను. లోపలి నుండి బయటికి పోవు వానిని పోనిండు; వాని జవాబులను రానిండు; బయటి నుండి తమంతట తాము వచ్చు వానిని ఆపుడు. జావక పుస్తకమున నంబరు లేని జవాబును గుమాస్తా తీసికొనడు గదా! గేట్‌వేయు అంతే.

"మా ఇంట దోచుకొనుట కేమున్నది?" అని ఒక పెద్దమనిషి అడుగవచ్చును. 2016లో మిరాయ్ అను దుష్ట ప్రోగ్రాము లక్షలకొలది ఇంటి రౌటర్లలోను, కెమెరాలలోను ప్రవేశించినది. అది చేసిన మాయ యేమియు లేదు. కర్మాగారమువారు పెట్టిన అరువది పైచిలుకు పేర్లను, సంకేతపదములను వరుసగా ప్రయత్నించినది. మార్చుకొనని వారి తలుపులు తెరచుకొన్నవి. ఆ యంత్రముల నన్నింటిని ఒక్కుమ్మడిగా ఉసిగొల్పగా 2016 అక్టోబరు 21న ప్రపంచ ప్రసిద్ధమైన వెబ్‌సైట్లు అనేకము గంటలకొలది నిలిచిపోయినవి. యజమానులకు తమ పెట్టె ఆ దాడిలో పాల్గొన్నదని తెలియనే లేదు. మన యింట ధనము లేకపోవచ్చును. కాని మన యింటిని అడ్డముగా పెట్టుకొని పరుల యింట దొంగతనము చేయవచ్చును.

కనుక కర్మాగార సంకేతపదమును మొదటి దినముననే మార్చవలెను. గేట్‌వేను సరిదిద్దు ఎస్ఎస్‌హెచ్ తలుపును లోపలి వైపునకు మాత్రమే తెరువవలెను. సర్వాధికారి పేరుతో నేరుగా ప్రవేశము లేకుండ చేయవలెను. భద్రతా సవరణలను నెలకొకసారియైన తీసికొనవలెను.

మఱియొక మాట. చిరునామాల కొఱత తీర్చు క్రొత్త పద్ధతి ఐపీవీ6. దానిలో లోపలి ప్రతి యంత్రమునకును బయటివారికి కనబడు చిరునామా ఉండవచ్చును. నాట్ తెర ఉండదు. కాపలా నియమములను పాత పద్ధతికి మాత్రమే వ్రాసి దీనిని మఱచినచో, ముందు తలుపునకు తాళము వేసి పెరటి తలుపు తెరచినట్లగును.

కొల్లేరు నేర్పు పాఠము

ఇంటిలో ఒకరు పెద్ద వీడియోను పైకి పంపుచున్నపుడు మిగిలినవారి మాటలు తెగిపోవుట పలువురి అనుభవము. దీనికి కారణము మన జిల్లావారికి చక్కగా అర్థమగును. బుడమేరు, తమ్మిలేరు మొదలగునవి కొల్లేటిలో చేరును. సముద్రమునకు పోవు దారి ఉప్పుటేరు ఒక్కటే. వచ్చు నీరు ఎక్కువై పోవు దారి ఇరుకైనచో, సరస్సు నిండి చుట్టుపట్ల ఊళ్లు మునుగును. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినపుడు కొల్లేటి లంకలవారు దీనిని కన్నులార చూచిరి.

తీగలోను ఇట్లే జరుగును. లోపలి నుండి ప్యాకెట్లు వేగముగా వచ్చును. బయటి తీగ ఇరుకు. నడుమ నున్న పెట్టెలో అవి గుట్టగా పేరుకొనును. చిన్న మాట ప్యాకెట్టు ఆ గుట్ట వెనుక నిలిచి తన వంతు వచ్చుసరికి ఆలస్యమగును. ఎంత పెద్ద గుట్టకు చోటిచ్చిన అంత ఆలస్యము.

దీనికి పరిహారముగా కోడెల్ అను విధానమును 2012లో ప్రకటించిరి. ప్యాకెట్లు వరుసలో ఎంతసేపు నిలిచినవో అది కొలిచి, ఆలస్యము హద్దు మీరినచో కొన్నింటిని విడిచిపెట్టి, పంపువారు తమంతట తామే వేగము తగ్గించునట్లు చేయును. ఎఫ్‌క్యూ కోడెల్ అనునది దీనికి మఱియొక న్యాయమును చేర్చును: ప్రతి ప్రవాహమునకు వేరు వరుస పెట్టి, వంతుల వారీగా వదలును. ఒక్క రైతు కాలువ నంతయు కట్టుకొనకుండ వారబందీ పెట్టినట్లే.

ఇది పనిచేయవలెనన్నచో గుట్ట మన గేట్‌వేలోనే ఏర్పడవలెను. అందులకై కొలిచిన వేగములో పదవ వంతు తగ్గించి హద్దు పెట్టవలెను. దిగు వేగము 30 మెగాబిట్లు, ఎగు వేగము 10 మెగాబిట్లు వచ్చినచో 27, 9గా నిర్ణయింపవలెను. ఆ కొంచెము వేగము పోయినను, విద్యార్థి పాఠము తెగదు, వృద్ధురాలి మాట ఆగదు.

చెడినపుడు వెదకు విధము

పని నిలిచినపుడు అన్ని తీగలను ఊడదీయరాదు. లోపలి నుండి బయటికి ఒక్కొక్క మెట్టు పరీక్షింపవలెను. ఇందులకు పింగ్ అను పనిముట్టు చాలును; అది "ఉన్నావా?" యని అడిగి జవాబు వచ్చు కాలమును చెప్పును.

మొదట గేట్‌వే లోపలి చిరునామాను అడుగుడు. జవాబు రాకున్న చిక్కు వైఫైలో గాని, స్విచ్చిలో గాని ఉన్నది. వచ్చినచో సంస్థవారి వైపు చిరునామాను అడుగుడు. అది పలుకకున్న వారికి ఫిర్యాదు చేయవలెను. అదియు పలికిన బయటి చిరునామా నొకదానిని అంకెలతో అడుగుడు. అంకెలతో పలికి పేరుతో పలుకకున్నచో తీగలన్నియు బాగుగనే యున్నవి; డీఎన్ఎస్ సేవ చెడినది. కొన్ని వెబ్‌సైట్లు తెరచుకొని కొన్ని సగములో నిలిచినచో, పీపీపీఓఈ వాడువారు ప్యాకెట్టు కొలతను చూడవలెను. సాధారణమైన కొలత 1500 బైట్లు. ఆ పద్ధతి 8 బైట్లు తనకు తీసికొనును గనుక 1492కు తగ్గింపవలెను.

తాళము ఎవరి వద్ద?

ఇంతవఱకు చెప్పినది యంత్రమును గూర్చి. ఇకమీద చెప్పునది ధర్మమును గూర్చి. గేట్‌వే కాపరికి ఎవరు ఏ సమయమున ఏ వైపునకు పోయినదియు కొంతవఱకు తెలియును. ఇంటిలో అది తండ్రికి తెలియును. గ్రంథాలయ గదిలో అది నిర్వాహకునకు తెలియును. ఒక స్త్రీ ఏ ఆసుపత్రిని గూర్చి వెదకెనో, ఒక రైతు ఏ బ్యాంకు పుటను చూచెనో ఊరి అరుగు మీద చెప్పుకొను విషయము కారాదు. 2023లో పార్లమెంటు వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణకు చట్టమును చేసినది. చట్టము లేకున్నను, పరుల ఉత్తరమును విప్పరాదను మర్యాద మన పల్లెలలో మొదటి నుండియు ఉన్నదే.

మఱియొక వైపున, నేరము జరిగినపుడు రికార్డు కావలెను. ప్రభుత్వ సంస్థలు, కంపెనీలు, సేవలందించువారు తమ యంత్రముల లాగులను 180 దినములు భద్రపరుపవలెనని 2022 ఏప్రిల్ 28న కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశించినది. కనుక లాగు ఉండవలెను. దానిని చూచు అధికారము ఎవరికో, ఎప్పుడో ముందుగనే వ్రాసి యుండవలెను. గేట్‌వే గడియారము సరియైన కాలము చూపవలెను; కాలము తప్పిన లాగు సాక్ష్యమునకు పనికిరాదు.

ఇంటి కనెక్షనును ఇరుగుపొరుగులకు అమ్ముటకు ముందు సంస్థవారి ఒప్పందమును చదువవలెను. ప్రజలకు వైఫై అందింపదలచినవారికి కేంద్ర మంత్రివర్గము 2020 డిసెంబరులో ఆమోదించిన పీఎం వాణి పథకము సరియైన మార్గము. దాని క్రింద పబ్లిక్ డేటా ఆఫీసు నడుపు చిన్న దుకాణదారునకు లైసెన్సు గాని, రుసుము గాని అక్కరలేదు. పంచాయతీ కార్యాలయములో ప్రభుత్వమువారు అమర్చిన యంత్రములను మాత్రము అధికారుల అనుమతి లేక ముట్టరాదు. మన అభ్యాసమునకు వేరు కనెక్షను వాడుకొనవలెను.

తీర్మానమున చేర్పదగిన అంశములు

గ్రంథాలయ గదికో, చదువుల గదికో గేట్‌వే పెట్టదలచిన పంచాయతీ ఈ క్రింది విషయములను తీర్మానమున వ్రాసికొనవలెను.

1. గేట్‌వే కాపరులు ఇద్దరుండవలెను. ఒకరు ఊరు విడిచిపోయినను పని ఆగరాదు. అందులో ఒకరు ఊరి యువతియైన మఱింత మేలు.
2. సంకేతపదములను కాగితముపై వ్రాసి, కవరులో మూసి, ముద్ర వేసి బీరువాలో నుంచవలెను.
3. నియమముల ఫైలు నకలు ఒక పెన్ డ్రైవులోను, అచ్చు ప్రతి ఒక దస్త్రములోను ఉండవలెను. మార్పు చేసిన ప్రతిసారి తేదీయు, కారణమును, చేసినవారి పేరును వ్రాయవలెను.
4. పాఠముల వేళ పాఠములకే మొదటి వంతు.
5. లాగును చూచుటకు వ్రాతపూర్వకమైన కారణము, ఇద్దరి సంతకములు కావలెను.
6. ఆన్‌లైనులో ధనము మోసపోయినవారికి వెంటనే 1930 నంబరునకు ఫోను చేయించు బాధ్యత కాపరులది. ఆ నంబరును గోడపై పెద్ద అక్షరములతో వ్రాయింపవలెను.

ముగింపు

సభ్యులారా! ముందుగా మీ యింట నొక పాత కంప్యూటరుతో ఆరంభింపుడు. ఊరిలో ఇంటరు చదువు అమ్మాయినో, అబ్బాయినో ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. మొదటి దినమున పని చేయకపోవచ్చును. పింగ్ జవాబు రాకపోవచ్చును. తూము కట్టిన మొదటి యేడు గండి పడని కాలువ ఏది? తప్పు ఎచ్చట నున్నదో మెట్టుమెట్టుగా వెదకి పట్టుకొన్న పిల్లవాడు ఆనాటి నుండి ఊరికి అక్కరకు వచ్చును. రేపు తీగ తెగినపుడు పట్టణము నుండి మనిషి వచ్చువఱకు చేతులు ముడిచి కూర్చుండవలసిన పని లేదు.

నీరు కట్టువాడు ఊరివాడైనపుడే చివరి చేనుకు గూడ నీరు చేరును. ఈ తీగ విషయమునను అంతే. ద్వారము మనది కావలెను, దాని నియమములు మనము చదువగలిగినవి కావలెను, దాని తాళము మన తీర్మానమునకు లోబడి యుండవలెను. అప్పుడే వెనుక గదిలో కూర్చున్న విద్యార్థికిని, చివరి వీథిలోని వృద్ధురాలికిని ఈ గాజు తీగ వచ్చినట్లు.